సర్వీస్ పడిపోయినప్పుడు: రోల్‌బ్యాకా, హాట్‌ఫిక్సా?

కొత్త రిలీజ్ వెళ్లగానే ఎర్రర్లు మొదలైతే ఆన్‌కాల్‌లో (ఏ వేళలో సమస్య వచ్చినా చూసుకునే డ్యూటీలో) ఉన్నవాళ్లకు వచ్చే ప్రశ్న ఇదే. రోల్‌బ్యాక్ అంటే ముందు వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం, హాట్‌ఫిక్స్ అంటే బగ్‌ని సరిచేసే కోడ్ అప్పటికప్పుడు రాసి పంపడం.

సమయం: రోల్‌బ్యాక్ సాధారణంగా నిమిషాల పని. హాట్‌ఫిక్స్‌కి ముందు కారణం దొరకాలి, తర్వాత రివ్యూ, బిల్డ్, టెస్టులు.

శ్రమ: రోల్‌బ్యాక్‌కి పాత వెర్షన్ సిద్ధంగా ఉంటే చాలు. హాట్‌ఫిక్స్‌కి ఆ కోడ్ తెలిసిన మనిషిని అర్ధరాత్రి లేపాలి.

రిస్క్: టెన్షన్‌లో రాసిన హాట్‌ఫిక్స్ ఇంకో బగ్ తేవచ్చు. అలాగని రోల్‌బ్యాక్‌ని గుడ్డిగా నమ్మకూడదు. 2012 ఆగస్టు 1న అమెరికా షేర్ ట్రేడింగ్ సంస్థ నైట్ క్యాపిటల్ 7 సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేసింది. కొత్త కోడ్ అసలు వెళ్లని ఎనిమిదో సర్వర్‌లో గోల చేస్తున్న పాత కోడే వాటిలోనూ నడిచింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

రిలీజ్‌లో డేటాబేస్ కాలమ్ తీసేశారా? పాత కోడ్ దాన్ని వెతికి పడిపోతుంది, కాబట్టి హాట్‌ఫిక్సే. మామూలు కోడ్ మార్పైతే వెంటనే రోల్‌బ్యాక్ చేయండి, కారణం తెల్లారాక వెతకొచ్చు.