హైదరాబాదు–విశాఖ విమాన ప్రయాణం: గాలిలో గంట, మిగతాదంతా నేల మీదే

శంషాబాదు నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన దూరం సుమారు 510 కిలోమీటర్లు, అంటే దాదాపు 275 నాటికల్ మైళ్లు. రోడ్డు మీద ఇదే ప్రయాణం 600 కిలోమీటర్లు దాటుతుంది. సికింద్రాబాదు నుంచి వరంగల్లు, విజయవాడ, రాజమండ్రి మీదుగా వెళ్లే రైలుకైతే దాదాపు 700. జెట్ విమానం నేల విడిచిన దగ్గర నుంచి మళ్లీ నేల తాకేదాకా పట్టేది గంట లోపే. రెక్కల మీద పంకాలు తిరిగే ఏటీఆర్ అయితే మరికొంత ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఉద్యోగం హైదరాబాదులోనూ, అమ్మానాన్నలు గాజువాకలోనూ ఉండటం వల్ల బేగంపేట విమానాశ్రయం నడిచిన రోజుల నుంచీ నేను ఈ దారిలో తిరుగుతున్నాను. ఇన్నేళ్లలో ఆ గంట ఏమంత మారలేదు. మారినదల్లా దానికి ముందూ వెనకా నేల మీద గడిచే సమయమే, అది కూడా విమానాశ్రయం చోటు మారినప్పుడు.

బేగంపేట ఊరి నడుమ ఉండేది. సికింద్రాబాదు వైపు ఉండేవాళ్లు ఆటోలో వెళ్లి విమానం ఎక్కేవారు. 2008 మార్చిలో రాకపోకలన్నీ శంషాబాదుకు మారిన తరువాత ఆ వెసులుబాటు పోయింది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, ఆపైన ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక గచ్చిబౌలి, మెహిదీపట్నం వాసులకు ప్రయాణం తేలికైంది గాని, ఉప్పల్, ఈసీఐఎల్ ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లు సాయంత్రం పూట గంటన్నర చేతిలో పెట్టుకుని బయలుదేరడమే మంచిది. ఆర్టీసీ పుష్పక్ బస్సులు నమ్మదగినవి. సామాను తక్కువగా ఉన్నప్పుడు నేను ఇప్పటికీ వాటిలోనే వెళతాను.

శంషాబాదు టెర్మినల్ గురించి ఫిర్యాదు చేయవలసింది నాకు పెద్దగా లేదు. ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఎంత పెద్ద విమానమైనా దిగగలదు. ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర యాప్ పెట్టుకున్నవాళ్లకు ప్రవేశద్వారం దగ్గర నిరీక్షణ చాలా తగ్గుతుంది, అయితే భద్రతా తనిఖీ వరుస మాత్రం అందరికీ ఒకటే. తెల్లవారుజామున ఆ వరుస బాగా పెరుగుతుంది. దేశీయ ప్రయాణాలకు సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా విమానం బయలుదేరడానికి గంట ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. గంట ప్రయాణానికి రెండు గంటల ముందు చేరడమేమిటని అనిపించినా, పండగ రోజుల్లో అది అవసరమే.

విశాఖలో దిగే తీరు ఈ ప్రయాణానికంతటికీ నాకు అత్యంత ఇష్టమైన భాగం. పడమటి నుంచి వచ్చే విమానం చాలాసార్లు నేరుగా దిగదు. ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి, తీరం మీదుగా లోపలికి వస్తుంది. దానివల్ల కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఎడమ కిటికీ దొరికితే లంగరు వేసి వంతు కోసం చూస్తున్న ఓడలు, డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనుంచి పోర్టులోకి సాగే సన్నని నీటిదారి వరుసగా కనిపిస్తాయి. ఆ దృశ్యాన్ని కళ్లతోనే చూడాలి, ఫోను తీయకూడదు. విశాఖ విమానాశ్రయం ఉన్నది నౌకాదళపు ఐఎన్ఎస్ డేగా స్థావరంలో. పౌర టెర్మినల్ అందులో ఒక భాగం మాత్రమే. ఫొటోలు తీయవద్దని సిబ్బంది ముందే ప్రకటిస్తారు.

ఈ స్థావరంలో నౌకాదళ అవసరాలకే మొదటి స్థానం కాబట్టి పౌర విమానాల వేళలకు పరిమితులు ఉంటాయి. విశాఖ నుంచి మరిన్ని సర్వీసులు కావాలన్న కోరికకు ఇదొక పెద్ద అడ్డంకి. టెర్మినల్ చిన్నది, రెండు మూడు విమానాలు దగ్గర దగ్గరగా దిగితే సామాను బెల్టు చుట్టూ నిలబడటానికి చోటు చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ టెర్మినల్ పైకప్పును చీల్చివేసింది. ఆనాటి శిథిలాన్ని చూసినవాళ్లకు దాన్ని అంత త్వరగా తిరిగి నడిపించినవారి శ్రమ విలువ తెలుస్తుంది. ఇన్ని ఇబ్బందులు ఉన్నా నేను ఈ విమానాశ్రయానికి ఎక్కువ మార్కులే వేస్తాను, ఎందుకంటే అది ఊరిలో ఉంది. బయటికి రాగానే జాతీయ రహదారి, ఆ పక్కనే ఎన్ఏడీ కూడలి. గాజువాకకు అరగంట చాలు.

సామాను గురించి ఒక మాట. ఇంటి నుంచి తెచ్చే ఆవకాయ సీసాలను చేతిసంచిలో పెడితే తనిఖీలో ఆపే అవకాశం ఎక్కువ. గట్టిగా చుట్టి చెక్‌ఇన్ పెట్టెలోనే వేయాలి. ఎండుకొబ్బరి విషయం దీనికి తలకిందులు. నూనె వల్ల మండే గుణం ఉన్నందున దాన్ని చెక్‌ఇన్ పెట్టెలో వేయనివ్వరు.

వందేభారత్ రైలు 2023 జనవరిలో మొదలైన తరువాత లెక్క కొంత మారింది. సికింద్రాబాదు నుంచి విశాఖకు అది సుమారు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. విమానానికి ఇంటి నుంచి ఇంటికి నాకు ఐదు గంటలు పడుతుంది. పగటిపూట పని లేనప్పుడు, టికెట్టు ధర పండగకు ముందు ఆకాశాన్నంటినప్పుడు రైలే మేలు.

ఇక భోగాపురం. అల్లూరి సీతారామరాజు పేరుతో తలపెట్టిన ఈ కొత్త విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరొకసారి శంకుస్థాపన జరిగింది. విశాఖ నగరం నుంచి అది దాదాపు 45 కిలోమీటర్లు. నౌకాదళ పరిమితులు లేని రన్‌వే, పెద్ద టెర్మినల్ ఉత్తరాంధ్రకు తప్పక కావాలి. విజయనగరం, శ్రీకాకుళం వాసులకు అది ఎంతో దగ్గర. గాజువాక, అనకాపల్లి వైపు వాళ్లకు మాత్రం నగరమంతా దాటి వెళ్లాలి గనుక గంట నుంచి గంటన్నర అదనంగా పడుతుంది, ఇంటి నుంచి ఇంటికి నా ఐదు గంటలు ఆరున్నర దాకా పోతాయి. అప్పుడు రైలులో గడిచే సమయానికీ దీనికీ మిగిలే తేడా రెండు గంటలే. అందువల్ల కొత్త విమానాశ్రయంతో పాటే గాజువాక, ఎన్ఏడీ కూడళ్ల నుంచి శంషాబాదు పుష్పక్ లాంటి బస్సులు రాత్రింబవళ్లు నడవాలని ఈ దారి ప్రయాణికుడిగా గట్టిగా కోరుతున్నాను.