గుంటల పీట బాగానే ఉంది, పొట్లమే బాగాలేదు

మా అమ్మాయి రెండో కానుపుకు పుట్టింటికి వచ్చింది. పసివాడు రాత్రంతా మేలుకుని మధ్యాహ్నం నిద్రపోతాడు. వాడు పడుకున్నప్పుడే తల్లికీ ఓ కునుకు. ఆ రెండు గంటలూ ఆరేళ్ల పెద్దదాన్ని చప్పుడు చేయకుండా కూర్చోబెట్టే పూచీ నా మీద పడింది. టీవీ వద్దు, ఫోను వద్దు అని అల్లుడి ఆంక్ష. నాకు వచ్చిన కథలన్నీ మూడు రోజుల్లో అయిపోయాయి. చదరంగం పరిస్తే గుర్రం ఎందుకు వంకరగా గెంతుతుందో చెబితేనే ఆడతానని భీష్మించింది. అలాంటి స్థితిలో తెనాలి నుంచి పని మీద విజయవాడ వెళ్లినవాణ్ణి, ఓ హస్తకళల దుకాణంలో చెక్క వామనగుంటల పీట, అదే గుంటల్లో గింజలు పంచుతూ ఇద్దరు ఆడే ఆట పీట, కనబడితే 1,150 రూపాయలు పోసి తెచ్చాను. నెల రోజులు రోజూ వాడిన మీదట రాస్తున్నాను.

పీట చూపుకు ముచ్చటగా ఉంది. పుస్తకంలా మడిస్తే పెట్టె, తెరిస్తే వరుసకు ఏడు చొప్పున 14 గుంటలు. పెట్టె మీద వామనగుంటలు అనే పేరుతో పాటు తమిళుల పల్లాంగుళి, కన్నడిగుల అళగుళి మణె కూడా రాశారు. అంచులు నున్నగా ఉన్నాయి, చేతికి పేడు గుచ్చుకోలేదు. కానీ గుంటల్లో లోతు చాలదు. ఆట సాగేకొద్దీ ఒక్కో గుంటలో పది, పన్నెండు గింజలు పోగుపడతాయి. ఇందులో తొమ్మిది దాటితే పైగింజ జారి పక్క గుంటలోకి దొర్లుతుంది. దొర్లిన గింజ ఎవరిదన్న తగవు గుసగుసల్లో మొదలై గుసగుసల్లో ఆగదు. మడతబందు దగ్గర సందు కూడా ఎక్కువే. రెండో రోజే పిల్ల చూపుడువేలి చర్మం అందులో నలిగింది. ఇప్పుడు మూయడం, తెరవడం నా పని.

ఇక గింజల సంగతి. బ్యాంకులో 31 ఏళ్లు క్యాషియరుగా చేసినవాణ్ణి, పొట్లం విప్పగానే లెక్కపెట్టాను. 70 ఉన్నాయి. లోపల పెట్టిన కాగితంలో గుంటకు ఆరు చొప్పున వేయమని ఉంది. పద్నాలుగు ఆర్లు 84. పద్నాలుగు గింజలు తక్కువ! దుకాణానికి ఫోను చేయబోతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి నవ్వింది. ‘మా ఊళ్లో గుంటకు ఐదే. గింజలు సరిగ్గానే ఉన్నాయి, మీ కాగితమే తప్పు’ అంది. ఊరికో లెక్క ఉండే ఆటే ఇది, కాదనను. కానీ వాళ్ల కాగితానికీ వాళ్ల పొట్లానికీ పొత్తు కుదరకపోతే ఎలా?

లెక్క తప్పితే సర్దుకోవచ్చు. ఆ గింజలు గురివింద గింజలు కావడం మాత్రం నేను క్షమించలేను. ఎర్రగా, నల్లటి బొట్టుతో అందంగా ఉంటాయి, నిజమే. కంసాలులు ఒకప్పుడు బంగారం తూచిందీ వాటితోనే. కానీ వాటిలో విషం ఉంది. పైపొట్టు గట్టిగా ఉన్నంతవరకు ఫరవాలేదేమో గానీ, పగిలిన గింజో నమిలిన గింజో కడుపులోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. నోట్లో పెట్టుకోవాలనిపించే రంగు కూడానూ. పెట్టె మీదేమో ‘పిల్లలకు సురక్షితం’ అని అచ్చువేశారు. గురివింద తన నలుపెరగదన్న సామెత వాళ్ల కోసమే పుట్టినట్టుంది. తీసుకెళ్లి చెబితే కౌంటర్లో కుర్రవాడు మర్యాదగానే విన్నాడు, బదులుగా గవ్వల పొట్లం ఇచ్చాడు. మిగిలిన పెట్టెల్లోవి మార్చినట్టు మాత్రం లేదు.

గవ్వలతో ఇంకో చిక్కు. చెక్క మీద పడ్డప్పుడల్లా టక్కుమంటాయి. ఒక్కరి వంతు అయ్యేసరికి ముప్పై టక్కులు. మొదటి రోజే పసివాడు లేచి ఏడుపు లంకించుకున్నాడు. చివరికి మా ఆవిడే కొత్త చింతపండు దంచినప్పుడు దాచిన పిక్కల డబ్బా దించింది. వాటిలో ఒకే సైజువి 70 ఏరడానికి నాకూ పిల్లకూ ఒక మధ్యాహ్నం పూర్తిగా పట్టింది. నిజం చెప్పాలంటే ఆ నెలలో అంత ప్రశాంతంగా గడిచిన మధ్యాహ్నం అదే. పీట కింద నా పాత పంచె నాలుగు మడతలు వేసి పరిచాక చప్పుడు పూర్తిగా సద్దుమణిగింది.

ఆట నేను ఈ వయసులో నేర్చుకున్నాను. చిన్నప్పుడు మా అక్కలు అరుగు మీద ఆడుతుంటే ఆడపిల్లల ఆటని వెక్కిరించి పోయేవాణ్ణి. ఒక గుంటలోవి తీసి తరువాతి గుంటల్లో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తరువాతి గుంటలోవి తీసి పంచాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి మనవి. వరుసగా రెండు ఖాళీలు వస్తే మన వంతు అయిపోయినట్టే. మనవరాలు మొదటి వారం ఏది పడితే అది తీసింది. రెండో వారంలో వేలితో గాలిలో గుంటలు ఎంచుకుని, పెదవులు కదుపుతూ, ఆ తరువాతే గింజలు ముట్టడం మొదలుపెట్టింది. ఎక్కాల పుస్తకం చూపిస్తే పారిపోయే పిల్ల! ఇప్పుడు మూడు ఆటల్లో రెండు నేనే ఓడుతున్నాను. ఓడినవాళ్లు తమ దగ్గరున్న గింజలతో ఎన్ని గుంటలు నిండితే అన్నే నింపుకుని తరువాతి ఆటకు దిగాలి కదా, నాకు నాలుగు గుంటలే నిండిన రోజు ‘తాతయ్యా, ఐదు గింజలు అప్పు ఇవ్వనా?’ అని చెవిలో అడిగింది. వడ్డీ ఎంతని అడిగాను. రెండు గింజలట.

కొనాలా అంటే, దుకాణంలోనే గుంటలో పన్నెండు గింజలు పోసి చూసి, నిలిస్తేనే కొనండి. బందు లేని ఒంటి చెక్క పీట దొరికితే అదే మేలు. గింజలు ఇంట్లోవి వాడండి. పాకే పిల్లలున్న ఇంట్లో ఆట అవగానే లెక్కపెట్టి డబ్బాలో వేయండి, చింతపిక్క గొంతులో అడ్డం పడుతుంది.

మొన్న మా ఆవిడ ఫ్రిజ్‌లోంచి ఐసు ట్రే తీసి నా ముందు పెట్టి ఏమీ మాట్లాడకుండా వెళ్లింది. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు. పన్నెండు పిక్కలు పోసి చూశాను. ఒక్కటీ జారలేదు.