ఆర్‌ఎక్స్100, క్యాస్ట్ ఐరన్ బుల్లెట్: బ్రేకులూ షాక్ అబ్జార్బర్లూ ఎలా ఉన్నాయంటే

మా ఇంట్లో రెండు పాత బళ్లున్నాయి. ఒకటి 1993 యమహా ఆర్‌ఎక్స్100, రెండోది ఎడమకాలి బ్రేకున్న, క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజన్ ఉన్న పాత తరం బుల్లెట్ 350. వీటి పికప్ గురించీ సౌండు గురించీ అందరూ చెబుతారు. ఎలా ఆగుతాయి, గుంటలో పడ్డప్పుడు నడుం ఏమవుతుంది అన్నది చెప్పేవాళ్లు తక్కువ. రెండింటినీ ఏళ్ల తరబడి హైదరాబాద్ ట్రాఫిక్‌లో, శ్రీశైలం దారిలో తిప్పాను కాబట్టి నేను ఆ సంగతే రాస్తున్నాను.

ఆర్‌ఎక్స్‌కి ముందూ వెనకా 130 మి.మీ. డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపలి నుంచి రెండు షూలు ఒత్తి ఆపే రకం. బండి బరువు 100 కిలోల చుట్టుపక్కలే కనుక షూలు బాగుంటే ఊళ్లో నలభై, యాభై వేగానికి సరిపోతాయి. చిక్కంతా ఆ 11 హార్స్‌పవర్ ఇంజన్‌తోనే. ఖాళీ రోడ్డు దొరికితే చూస్తుండగానే ఎనభై దాటేస్తుంది. ఆ వేగంలో లివర్ గట్టిగా నొక్కినా బండి తీరిగ్గానే తగ్గుతుంది. వెనక బ్రేకు తొక్కితే, వెనక ఎవరూ కూర్చోనప్పుడు, చక్రం లాక్ అయి తోక పక్కకి జారుతుంది. నేనైతే దీని మీద ముందు బండికి దూరం బాగా ఎక్కువే ఉంచుతాను.

మా బుల్లెట్‌కి ముందు 7 అంగుళాల ట్విన్ లీడింగ్ షూ డ్రమ్ము. మామూలు డ్రమ్ములో ఒక క్యామ్ (లివర్ పట్టినప్పుడు తిరిగే ముక్క) రెండు షూలనీ డ్రమ్ము వైపు తెరుస్తుంది. వాటిలో ఒకదాన్ని తిరిగే డ్రమ్మే తనవైపు లాక్కుంటుంది, పట్టు పెరుగుతుంది. రెండో షూని మాత్రం అదే డ్రమ్ము వెనక్కి నెడుతుంది. ట్విన్ లీడింగ్‌లో క్యాములు రెండు, కాబట్టి రెండు షూలూ పట్టుకునేవే. 160 కిలోలు దాటిన బండిని ఆపాలంటే ఈ ఏర్పాటు ఉండాల్సిందే. కానీ ఇది పనిచేసేది ముందుకి వెళ్తున్నప్పుడే. ఫ్లైఓవర్ ఎక్కుడులో ట్రాఫిక్ ఆగి, బండి వెనక్కి జారడం మొదలుపెడితే రెండు షూలూ ఒక్కసారే బలహీనపడతాయి. ముందు బ్రేకు ఎంత పిసికినా జారుతుంది. అప్పుడు ఎడమ కాలు బ్రేకు మీద ఉంచి, కుడి కాలు నేల మీద పెట్టాలి. గేరు వేయాల్సింది మళ్లీ ఆ కుడి కాలే! అలవాటయ్యేదాకా టెన్షన్ తప్పదు.

ఈ బ్రేకుకి ఇంకో పేచీ ఉంది. రెండు క్యాములనీ కలిపే చిన్న రాడ్డు సరిగ్గా సెట్ చేస్తేనే షూలు రెండూ ఒకేసారి డ్రమ్ముని తాకుతాయి. ఒక షాపులో కొత్త షూలు వేసి, రాడ్డు ముట్టుకోకుండా కేబుల్ మాత్రం బిగించి ఇచ్చారు. ఒక్క షూయే పనిచేసింది, లివర్ చెక్కలా తగిలింది. తర్వాత ఒక పాత మెకానిక్ రాడ్డు విప్పి, ఒక షూ తాకేదాకా తిప్పి పట్టుకుని, రెండోది కూడా తాకేలా పొడవు సరిచేసి బిగించాడు. అవే షూలు, అదే కేబుల్. బండి మాత్రం మారిపోయింది.

బ్రేకు బాగాలేదని షూల మీద షూలు మార్చేవాళ్లకి నేను చెప్పేది, మొదట ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే, లోపల స్ప్రింగులూ ఆయిలూ ఉండే జంట గొట్టాలు) చూడమని. ఆర్‌ఎక్స్‌లో తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది. పాతబడ్డ ఫోర్క్ ఆయిల్ పలచబడి, స్ప్రింగులు కుంగిపోయి ఉంటే, బ్రేకు పట్టగానే ముక్కు కిందికంటా దిగిపోతుంది. అక్కడ ఒక గుంట తగిలితే ఇక దిగడానికి చోటుండదు. 2.50-18 సైజు సన్నటి టైరు రోడ్డు మీద నుంచి ఎగురుతుంది. గాలిలో ఉన్న చక్రాన్ని ఏ బ్రేకు పట్టి ఏం లాభం? నా బండికి ఆయిల్ సీళ్లు, ఆయిల్, స్ప్రింగులు మార్పించాక, షూలు ముట్టుకోకుండానే బ్రేకు మీద నమ్మకం వచ్చింది.

బుల్లెట్ ఫోర్కు మెల్లగా దిగుతుంది, మెల్లగా లేస్తుంది. 19 అంగుళాల చక్రాలు కదా, చిన్న గుంటలని లెక్కచేయదు. దూరం వెళ్లాలంటే నడుం అడిగేది ఈ బండినే. చూసుకోవాల్సింది వెనక చిమ్టా (చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే స్వింగ్ ఆర్మ్) బుష్షులు. అవి అరిగితే వంపుల్లో వెనక చక్రం వేరే దారి వెతుక్కుంటున్నట్టు అనిపిస్తుంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా నాన్న నడిపిన రాజ్‌దూత్ 175కి మూలం పోలండ్ వాళ్ల ఎస్‌హెచ్‌ఎల్ ఎం11. దాని ముందు భాగంలో ఈ బళ్లకున్నట్టు గొట్టాల (టెలిస్కోపిక్) ఫోర్కు లేదు, వెనక ఉన్నట్టే ముందూ ఒక చిమ్టా, రెండు షాక్ అబ్జార్బర్లు. బ్రేకు పడితే ముక్కు దిగేదే కాదు. పాలక్యాన్లు కట్టుకుని తిరిగినవాళ్లకి ఆ గుణం బాగా తెలుసు. రాజ్‌దూత్ 350 కథ ఇంకోలా ఉంటుంది. బయటి దేశాల్లో ముందు డిస్కుతో అమ్మిన యమహా బండికి 1983లో మన దగ్గర డ్రమ్ము బిగించి ఇచ్చారు. అంత వేగానికి అది చాలదన్నదే నా అభిప్రాయం.

రెండు బళ్ల తేడా బాగా బయటపడేది ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగేటప్పుడు. బుల్లెట్‌ని సెకండ్ గేర్‌లో వేస్తే ఇంజనే సగం బ్రేకు పని చేస్తుంది. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్, రేజ్ వదిలినా పెద్దగా పట్టదు. భారమంతా డ్రమ్ముల మీద పడుతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరమవుతుంది, లివర్ గ్రిప్పు దాకా వచ్చేస్తుంది. దీని ఆయిల్ పంపు కూడా రేజ్‌తో ముడిపడి ఉంది కాబట్టి, పూర్తిగా మూసేసి దిగుతూ పోతే ఇంజన్‌కి ఆయిలూ తగ్గుతుంది. అందుకే మధ్యమధ్యలో కాస్త రేజ్ ఇస్తూ, ఒకటి రెండు చోట్ల ఆగి డ్రమ్ములు చల్లారనిచ్చి దిగుతాను.

వానాకాలం సంగతి రెండింటికీ ఒకటే. నీళ్లలోంచి బయటికి రాగానే బ్రేకు కాసేపు పనిచేయదు. లివర్ కొద్దిగా పట్టి ఉంచి కొంత దూరం నడిపితే ఆరుతుంది. డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్ముని నోటితో ఊదకండి, పాత షూలలో ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవండి.

ఆర్‌ఎక్స్‌కి డిస్కు వేయించాలా అని చాలామంది అడుగుతారు. నేనైతే వేయించను. సన్నటి ఫోర్కుకి ఒకవైపే క్యాలిపర్ (డిస్కుని పట్టి ఆపే భాగం) తగిలిస్తే ఆ బలానికి మెలితిరుగుతుంది, సన్నటి టైరు తడి రోడ్డు మీద ఇట్టే లాక్ అవుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి చేశారు, దీనికి ఆ అండ లేదు. ఆ డబ్బుతో మంచి షూలు, కొత్త కేబుల్, ఫోర్క్ ఆయిల్, కొత్త టైర్లు వస్తాయి. డ్రమ్ము గుండ్రం తప్పి ఉంటే లేతు మీద పట్టించుకోవచ్చు.

ఎవరైనా ఈ బళ్లు అమ్మజూపితే ఇంజన్ స్టార్ట్ చేయకముందే ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్‌టక్ అంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) పోయినట్టు, లేదా ఫోర్కు బుష్షులు అరిగినట్టు. సీళ్ల దగ్గర ఆయిల్ జిడ్డుందేమో వేలితో చూడండి. డబుల్ స్టాండ్ మీద వెనక చక్రాన్ని పక్కలకి కదిపితే చిమ్టా సంగతి తెలుస్తుంది. ఇవన్నీ మార్చుకోదగ్గవే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగొచ్చు. ఫోర్కు రాడ్డు వంగి ఉంటే మాత్రం నేను బేరం కూడా ఆడను.