ఉచిత దిబ్బ, ఖరీదైన గది

"గోడ లేదు, గుమ్మం లేదు, ఇదేం కోట? ఇలాంటి పాటిదిబ్బలు మన పల్నాట్లో ఎన్ని లేవు!" ఇంగ్లండ్‌లోని థెట్‌ఫర్డ్ అనే ఊళ్ళో కోటదిబ్బ కింద నిలబడి నాన్న అన్న మాట ఇది. గోడలున్న కోటలకు ఈ దేశంలో మనిషికి ఇంతని టికెట్ కొని విసిగిపోయాం. ఇక్కడ టికెట్ లేదు, గేటు లేదు. నా లెక్కలో ఇదే నయం.

ఊరు నార్ఫోక్ కౌంటీలో ఉంది. కేంబ్రిడ్జ్ నుంచి రైల్లో గంట కూడా పట్టదు, స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. దిబ్బ దాదాపు 20 మీటర్ల ఎత్తు, ఇంగ్లండ్‌లోని ఇలాంటి దిబ్బల్లో బాగా పెద్దవాటిలో ఒకటి. చెక్కమెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులని అమ్మ కింద బెంచీ మీదే కూర్చుంది. గొణుక్కుంటూనే నాన్న నాకంటే ముందు ఎక్కేశారు.

1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి దేశాన్ని గెలిచారు గానీ, జనం ఇంకా లొంగలేదు. రాతికోట కట్టాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని చుట్టూ కందకం తవ్వించి, ఆ మట్టినే మధ్యలో గుట్టగా పోయించి, పైన చెక్క బురుజు నిలబెట్టేవారు. గుర్రాలు, సైనికులు, ధాన్యం పక్కనున్న ఆవరణలో. ఇక్కడ వాళ్ళకి ఇంకో సౌకర్యం కూడా దొరికింది: అంతకు వెయ్యేళ్ళ పైబడి ముందు, ఇనుపయుగంలో వేసిన మట్టికట్టలు సిద్ధంగా ఉన్నాయి, వాటినే వాడుకున్నారు. తర్వాత ఇది బైగాడ్ అనే ప్రభువుల వంశం చేతికొచ్చింది. వాళ్ళలో హ్యూ బైగాడ్ ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ మీద తిరగబడ్డాడు, 1173లో రాజు కోటను పడగొట్టించాడు. చెక్క పోయింది, మట్టిని ఎవరూ ఏం చేయలేకపోయారు. పైనుంచి ఆ కట్టల వరస చూశాక నాన్న పాటిదిబ్బల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఊళ్ళోనే నది మధ్య లంకలో మహారాజా దలీప్ సింగ్ గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఉంది, తప్పకుండా చూడండి. కోహినూర్‌ను చిన్నతనంలోనే ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాల్సి వచ్చిన పంజాబ్ రాజు ఈయనే. దగ్గర్లోని ఎల్వెడెన్‌లో ఎస్టేట్ కొనుక్కుని బతికాడు, సమాధి కూడా అక్కడే. ఆ వజ్రం మన కొల్లూరు గనిలోదని చెబుతారు కదా, నాన్న అక్కడ చాలాసేపు నిలబడిపోయారు. అమ్మకి మాత్రం ఆకలి.

ఇక బస సంగతి. పెద్దవాళ్ళు అలసిపోతారని ఒక పబ్ పైన రెండు గదులు బుక్ చేశాను, ఒక్కోటి 78 పౌండ్లు, బ్రేక్‌ఫస్ట్‌తో కలిపి. మధ్యాహ్నం పన్నెండుకి వెళ్తే మూడింటి దాకా గది ఇవ్వరట, ముందే కావాలంటే గదికి 15 పౌండ్లు. సామాను అక్కడ పెడితే బ్యాగుకి 2. రాత్రి పదింటికి హీటర్ దానంతటదే ఆగిపోయింది, కిందికెళ్ళి అడిగితే "టైమర్" అని ఒక్క మాట. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, కోటు వేసుకుని పడుకున్నారు. పొద్దున అమ్మకి కాసిన్ని వేడినీళ్ళు కాచుకుందామంటే గదిలో కెటిల్ లేదు. కలిపి ఇస్తామన్న బ్రేక్‌ఫస్ట్ చూస్తే కార్న్‌ఫ్లేక్స్, చల్లటి పాలు! గుడ్డు, టోస్ట్ కావాలంటే మనిషికి 9.50 పౌండ్లు అదనం. "పూర్తి ఇంగ్లీష్ బ్రేక్‌ఫస్ట్" అని వాళ్ళే రాసిన పేజీ ఫోన్‌లో చూపిస్తే, అది పాతదన్నాడు కౌంటర్లో కుర్రాడు, తల కూడా ఎత్తకుండా.

కాబట్టి పొద్దున రైలెక్కి వెళ్ళండి, సాయంత్రం వచ్చేయండి. వాన పడితే మెట్లు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. నేను డబ్బు వెనక్కిమ్మని రాస్తే, వారానికి జవాబొచ్చింది: వాళ్ళ బార్‌లో చెల్లే 10 పౌండ్ల కూపన్. మా ఇంట్లో ఎవరికీ మందు అలవాటు లేదు.