నన్-వూటెన్ స్కౌటింగ్ ఫెలోషిప్: మాజీ ఆటగాడికి ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఆట మానేసినవాళ్లకు కోచ్ ఉద్యోగానికి దారి ఎలాగో తెలుసు. ఆటగాళ్ల ఎంపిక, జట్టు నిర్వహణ చూసే ఫ్రంట్ ఆఫీసుకు దారే తెలియదు. ఆ లోటు పూడ్చడానికి లీగ్ 2015లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. బిల్ నన్ పాత్రికేయుడు. నల్లజాతి కాలేజీల ఆటగాళ్ల గురించి రాస్తూ రాస్తూ పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు స్కౌట్ (ఆటగాళ్లను గమనించి అంచనా వేసేవాడు) అయ్యారు. జాన్ వూటెన్ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో గార్డ్‌గా (ముందు వరుసలో అడ్డుకునే స్థానం) ఆడి, తర్వాత డల్లాస్ కౌబాయ్స్‌లో ఆటగాళ్ల ఎంపిక చూశారు. పేర్లు సరిగ్గా కుదిరాయి.

దీని అసలు బలం సమయమే. ట్రైనింగ్ క్యాంప్ రోజుల్లో ఫెలోలను జట్టు స్కౌట్ల పక్కన కూర్చోబెడతారు. క్యాంపులో ఉన్న 90 మందిని ఆగస్టు ఆఖరుకు 53కి తగ్గించాలి. ఇతర జట్లు వదిలేసేవాళ్లలో ఎవరిని పట్టుకోవాలో ముందే జాబితా సిద్ధంగా ఉండాలి. వెయివర్లలో (జట్లు వదిలేసిన ఆటగాళ్ల జాబితాలో) క్లెయిమ్ వేయడానికి దాదాపు ఒక్క రోజే ఉంటుంది, ఆ వెంటనే ప్రాక్టీస్ స్క్వాడ్ (53 మందికి బయట సాధనకు ఉంచుకునే ఆటగాళ్లు) నింపాలి. ఫ్రంట్ ఆఫీసు పని ఇంత దగ్గరగా, ఇంత వేగంగా కనిపించే వారాలు ఏడాదిలో మరెన్నో లేవు.

నేర్చుకోవాల్సింది రిపోర్టు రాయడం. ఎత్తు నాలుగంకెల్లో రాస్తారు: 6023 అంటే 6 అడుగుల 2 అంగుళాలు, ఆపైన అంగుళంలో 3/8 వంతు. బరువు, చేతి పొడవు, అరచేయి కొలత, 40 గజాల పరుగు, ఆ తర్వాత ఆ స్థానానికి కావాల్సిన నైపుణ్యాలు, చివర గ్రేడు. మాజీ ఆటగాళ్లు తడబడేది ఇక్కడే. తాము ఆడిన స్థానం గురించి పేజీ నింపేస్తారు, మిగతావాటికి ‘గట్టివాడు’, ‘చురుకైనవాడు’ అని వదిలేస్తారు. ఆ మాటలకు విలువ లేదు. ‘మూడో డౌన్‌లో బ్లిట్జ్ వస్తే ఎడమ పాదం వెనక్కి పడుతోంది, అందుకే లోపలి వైపు ఓడిపోతున్నాడు’ అని రాస్తేనే డైరెక్టర్ చదువుతాడు (డౌన్ అంటే ఒక ప్రయత్నం, బ్లిట్జ్ అంటే బంతి విసిరేవాడి మీదకు అదనపు ఆటగాళ్లు దూసుకురావడం).

ఇంకో పొరపాటు కన్ను బంతి వెంట పోవడం. 22 మందినీ చూపించే వీడియోలో ప్రతి ప్లేను సైడ్‌లైన్ నుంచి ఒకసారి, మైదానం చివరనున్న ఎండ్‌జోన్ నుంచి ఒకసారి చూడాలి, ఒక్కడి మీదే చూపు నిలిపి. ప్రీసీజన్ (అసలు సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌లు) నాలుగో క్వార్టర్‌లో మెరిసినవాడికి పెద్ద గ్రేడు ఇచ్చేయకూడదు. అవతల ఉన్నది కూడా మర్నాడో ఎల్లుండో జట్టు వదిలేయబోయేవాళ్లే.

లోటు ఏమిటంటే, క్యాంపులో తెలిసేది ప్రధానంగా ప్రొఫెషనల్ ఆటగాళ్ల వైపు పని. కాలేజీ స్కౌట్ బతుకంతా సెప్టెంబరు తర్వాత రోడ్డు మీదే. పొద్దున్నే క్యాంపస్ చేరి వీడియో చూసి, స్ట్రెంత్ కోచ్‌తో, ట్రైనర్‌తో, చదువు చూసే సలహాదారుతో మాట్లాడి, సాయంత్రం ప్రాక్టీస్ చూసి, రాత్రి రిపోర్టు రాసి, మర్నాడు ఇంకో ఊరు. ఇది కొన్ని వారాల ఫెలోషిప్‌లో దొరకదు. పైగా ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. వచ్చినా మొదటి మెట్టు స్కౌటింగ్ అసిస్టెంటే. ఏరియా స్కౌట్, కాలేజీ స్కౌటింగ్ డైరెక్టర్ లాంటి మెట్లన్నీ ఆ తర్వాతే.

మాజీ ఆటగాడు జాన్ లించ్ 2017లో టీవీ వ్యాఖ్యానం నుంచి నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్ జనరల్ మేనేజర్ (ఫ్రంట్ ఆఫీసు అధిపతి) అయ్యారు. దాన్ని నమూనాగా పెట్టుకోవడం తప్పు. ఓజీ న్యూసమ్ చూడండి: బ్రౌన్స్‌లో 13 సీజన్లు ఆడి, 1991లో అక్కడే స్కౌట్‌గా మొదలుపెట్టారు. 1996 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం), ఆ జట్టు తరలివెళ్లిన బాల్టిమోర్‌కు జోనథన్ ఆగ్డెన్‌ను 4వ పిక్‌తో, రే లూయిస్‌ను 26వ పిక్‌తో తెచ్చిపెట్టారు. జనరల్ మేనేజర్ హోదా మాత్రం 2002లోనే వచ్చింది. లీగ్‌లో ఆ కుర్చీ ఎక్కిన తొలి నల్లజాతీయుడు ఆయనే.

మా మాట: దరఖాస్తు చేయండి, కానీ ఖాళీ చేతులతో వద్దు. మీరు ఆడని మూడు స్థానాలు ఎంచుకుని, ఒక్కో ఆటగాడివి మూడేసి మ్యాచ్‌లు చూసి, ఒక్కో రిపోర్టు ఒక పేజీకి మించకుండా రాసి పెట్టుకోండి. క్యాంపులో మొదటి రోజే ఒక స్కౌట్‌కు ఇచ్చి ఎర్రసిరాతో దిద్దమనండి.