కీ ఇచ్చే వాచీతో పన్నెండేళ్ళు

పెళ్ళిలో మా తాతయ్య నాన్నకు పెట్టిన వాచీ ఇది, హెచ్ఎంటీ జనతా. రిటైరయ్యాక నాన్న దాన్ని బీరువాలో పడేస్తే నేను తెచ్చుకున్నాను. 1961లో జపాన్ వాచీల కంపెనీ సిటిజెన్ వాళ్ళ సాయంతో బెంగళూరులో ఫ్యాక్టరీ రావడం, 2016లో కేంద్రం మూసేయమనడం అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం. నేను చెప్పాలనుకున్నది కీ గురించి.

పొద్దున ఆరింటికి పొయ్యి మీద పాలు కాగుతుంటే వాచీకి కీ ఇస్తాను. మొదటి నాలుగైదు తిప్పులు వేలికి తెలియనే తెలియవు. ఇరవై దాటాక లోపలి స్ప్రింగు వేలిని వెనక్కి నెడుతున్నట్టు ఉంటుంది. ముప్పై దగ్గర ఇక కదలదు. ఫోనుకి ఛార్జింగ్ పెట్టడమూ రోజూ చేసే పనే, కానీ అందులో మన ఒంటి బలం ఏమీ లేదు. ఇక్కడ నా రెండు వేళ్ళ బలమే మర్నాటి దాకా ముళ్ళు తిప్పుతుంది. సెకనుకు 5 టిక్కుల చొప్పున రోజుకు 4,32,000. నా వాచీ రోజుకు 20 సెకన్లు వెనకబడుతుంది, అంటే అన్ని లక్షల్లో తేడా వంద టిక్కులే. ఏ పిల్లాడైనా పరీక్ష ఇంత బాగా రాస్తే నూటికి నూరు వేసేస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆగలేదు గానీ, మూడేళ్ళ క్రితం పరిగెత్తడం మొదలుపెట్టింది. గంటకు రెండు నిమిషాలు ముందుకి. నేను గమనించేలోపే ఒకరోజు ఆఖరి పీరియడ్‌లో పిల్లల్ని ఇరవై నిమిషాల ముందే వదిలేశాను. వాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు. హెడ్మాస్టరు చెప్పారు.

దగ్గర్లో ఉన్న రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. అతను వెనక మూత తీసి ఒక్క చూపు చూసి, "కీ ఎక్కువ ఇచ్చేశారు మాస్టారూ, స్ప్రింగు బిగుసుకుపోయింది" అన్నాడు. తొమ్మిది వందలు తీసుకుని సర్వీసింగ్ చేశాడు. ఇక మీదట పది తిప్పులకి మించొద్దని చెప్పి పంపాడు. నాకు ఈ వాచీలో నచ్చేదే కీ నిండా ఇవ్వడం. ముప్పై దాకా వెళ్ళి ఆగే ఆ సుఖం పోయింది. పోనీ జబ్బు నయమైందా అంటే అదీ లేదు. పది తిప్పులే ఇస్తుంటే రాత్రి ఎనిమిదింటికల్లా ఆగిపోయేది, ఆగేదాకా మాత్రం పరుగే. రెండు నెలలు ఇలా కడుపు మాడ్చి నడిపించాను.

చివరికి విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సందులో, మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మూత కూడా తీయలేదు. సొరుగులోంచి పిల్లల దిక్సూచి ఒకటి తీసి వాచీని దాని మీద పెట్టాడు. సూది గిర్రున తిరిగింది.

"ఏం సబ్జెక్టు చెప్తారు మాస్టారూ?"

"ఫిజికల్ సైన్స్."

ఆయన ఇంకేమీ అనలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా అయస్కాంతాల పాఠం చెప్తున్నాను. రోజూ రాత్రి వాచీ తీసి, లోపల అయస్కాంతం ఉండే బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టేది కూడా నేనే.

లోపల వెంట్రుకలా సన్నటి హెయిర్ స్ప్రింగు ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగేది దానివల్లే. అయస్కాంతం పట్టిందంటే చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగు పొడవు తగ్గినట్టవుతుంది, చక్రం త్వరత్వరగా ఊగుతుంది. కీకి దీంతో సంబంధమే లేదు. నిండాక కీ తనంతట తనే ఆగుతుంది, పట్టుబట్టి విరిచేస్తే తప్ప ఏమీ కాదు. 1675లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ఈ స్ప్రింగుతో పారిస్‌లో గడియారం చేయించాడు. ఆ ఆలోచన నాదేనని ఇంగ్లండులో హుక్ గొడవపడ్డాడు. సాగదీత సూత్రం పాఠంలో మనం చెప్పే హుక్కే. అంతకుముందు జేబు గడియారాలు ఎంత తప్పేవంటే చాలావాటికి నిమిషాల ముల్లే ఉండేది కాదు. ఎండకీ చలికీ ఈ స్ప్రింగు బిగువు మారకుండా చేసిన ఉక్కు–నికెల్ మిశ్రమాల మీద పనికి గియోమ్ అనే స్విస్ శాస్త్రవేత్తకు 1920లో నోబెల్ వచ్చింది. వేడి సమస్య తీరింది గానీ ఇనుము ఇనుమే కదా, అయస్కాంతం వదల్లేదు.

పెద్దాయన చేసింది ఇంతే. అయస్కాంతాన్ని వదిలించే, తీగ చుట్టిన చిన్న డబ్బా మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి, మెల్లగా పైకి ఎత్తాడు. పది సెకన్లు. యాభై రూపాయలు. "కీ నిండా ఇచ్చుకోండి" అన్నాడు. ఆ మాట కోసం ఐదొందలు అడిగినా ఇచ్చేవాణ్ణి.

ఒక్కసారి కూడా ఆగలేదని పైన రాశాను. ఆ రెండు నెలలూ రోజూ రాత్రి ఆగింది, కాకపోతే అది నేను తిండి పెట్టక. 2016 కృష్ణా పుష్కరాల్లో చేతినుంచి తీయడం మరిచిపోయి మునిగాను. అద్దం లోపల ఆవిరి పట్టి వారం రోజులు మూలపడింది. దాన్నీ లెక్కలోకి తీసుకోకండి, నీళ్ళలోకి దిగింది నేను. 20 సెకన్లన్నది కూడా ఎండాకాలం మాట, జనవరిలో పొద్దున్నే చూస్తే తేడా ఇంకొంచెం ఉంటుంది.

ఇలాంటి పాత వాచీ కొనమంటారా అని మా స్టాఫ్ రూములో ఇద్దరు అడిగారు. ఏం చెప్పను? నాకు ఊరికే వచ్చింది. బడి పక్కనే ఇల్లు, గంట కొట్టేది అటెండరు. రోజూ బండి మీద వానలో తిరిగేవాళ్ళకి, రైలు పట్టుకోవాల్సినవాళ్ళకి నేనైతే చెప్పను. ఆన్‌లైన్‌లో రంగు రంగుల డయళ్ళతో తళతళలాడుతూ కనిపించేవాటిలో చాలా వాటికి డయల్ మీద మళ్ళీ పెయింట్ వేసి ఉంటారు, మూత తీయించి చూడకుండా డబ్బు కట్టొద్దు. మీ ఊళ్ళో దిక్సూచి దాచుకునే మనిషి ఉన్నాడో లేదో కూడా ముందే కనుక్కోండి.

స్పీకర్ మీద పెట్టడం మానేసి బీరువాలో పెట్టడం మొదలుపెట్టాను. దాని తలుపుకీ అయస్కాంతం ఉందని ఈ మధ్యే గమనించాను. ప్రస్తుతానికి కిటికీ గూట్లో ఉంటోంది.