ఒక్క రోజులో బీవోడీ (నీళ్లలో మురికి ఎంతుందో చెప్పే టెస్ట్) రిపోర్ట్ ఇచ్చే కన్సల్టెంట్‌తో జాగ్రత్త! (హైదరాబాద్ చర్లపల్లి, నాచారం, జీడిమెట్ల యూనిట్ల వాళ్లకు)

ఎవరి గురించో మన ఏరియా వాళ్లకు పేరు చెప్పక్కర్లేదు. "పొల్యూషన్ బోర్డు పనులన్నీ నాకొదిలేయండన్నా" అంటూ షెడ్డు షెడ్డుకూ తిరిగే పెద్దమనిషే. మాది చర్లపల్లిలో చిన్న మిక్చర్, చిప్స్ యూనిట్. కన్సెంట్ (యూనిట్ నడపడానికి పొల్యూషన్ బోర్డు ఇచ్చే అనుమతి) రెన్యువల్ దగ్గరపడింది, ఈటీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్) నీళ్ల టెస్ట్ రిపోర్ట్ కావాలి, అతనికి సగం డబ్బు అడ్వాన్సుగా ఇచ్చాం.

సోమవారం ఒక కుర్రాడొచ్చాడు. ఐస్ బాక్స్ లేదు, లేబుల్ లేదు. ఎవరో తాగి పారేసిన వాటర్ బాటిల్‌లో నీళ్లు పట్టి, ఫొటో తీసుకుని, బండికి తగిలించుకుని ఎండలో పోయాడు. బాటిల్ మెడ దగ్గర నూనె తెట్టు కట్టి కనిపిస్తూనే ఉంది. మంగళవారం సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్ట్! బీవోడీ లీటరుకు 18 మిల్లీగ్రాములట, పరిమితి 30. ఆయిల్ అండ్ గ్రీజ్ అయితే అసలు దొరకనే లేదట. ఈ లెక్కన మా డ్రైనేజీ నీళ్లు బాటిళ్లలో నింపి అమ్ముకోవచ్చు, మిక్చర్ కంటే మార్జిన్ ఎక్కువ.

మా క్యూసీ (సరుకు నాణ్యత చూసే) అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. చూడగానే అడిగింది: "సార్, నిన్న తీసిన శాంపిల్‌కి ఇవాళ బీవోడీ ఎలా వస్తుంది?"

నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పేదే బీవోడీ. మొదట ఆక్సిజన్ కొలిచి, 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, మళ్లీ కొలవాలి. మంట పెంచితే తొందరగా ఉడికే పప్పు కాదది. తమాషా ఏంటంటే, ఆ "27 డిగ్రీలు, 3 రోజులు" అన్న ముక్క రిపోర్ట్‌లోనే మెథడ్ కాలమ్‌లో ఉంది. కింద టెస్ట్ మొదలైన తేదీ సోమవారం, ముగిసిన తేదీ మంగళవారం. అబద్ధం సరిగ్గా రాయడానికి కూడా ఓపిక లేదన్నమాట.

కన్సల్టెంట్‌కి ఫోన్ చేశా. స్పీకర్‌లో పెట్టా, అమ్మాయి పక్కనే ఉంది.

"అన్నా, మీకు కన్సెంట్ కావాల్నా, కెమిస్ట్రీ పాఠం కావాల్నా? ఇన్నేండ్ల సంది ఇస్తున్న, ఒక్కరు అడగలే. ఉప్పూ కారం చూసే పిల్ల నాకు నేర్పిస్తదా?"

తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ఏమీ అనలేదు, వెళ్లి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ రిపోర్ట్ మీదున్న ల్యాబ్ సర్టిఫికెట్ నంబర్ వెతికింది. ల్యాబ్ ఉంది, గుర్తింపూ ఉంది. కాకపోతే సిమెంటు, ఇనుము టెస్టులకు! నీళ్ల ఊసే లేదు. అడ్వాన్సు ఇచ్చే ముందే చూసుకోవచ్చు కదా అంటే, ఏం చెప్పను, అప్పుడు సార్‌గారు, అంటే నేనే, చాలా బిజీ.

అసలు మా ఈటీపీ పనిచేస్తోందా లేదా అన్నది ఇప్పటికీ తెలీదు. కాగితం మాత్రం ఉంది. రేపు బోర్డు వాళ్లొచ్చి వాళ్ల శాంపిల్ వాళ్లు తీసుకెళ్తే, ఆ అప్లికేషన్ మీద ఉండే సంతకం నాది, అతనిది కాదు. అందుకే రిపోర్ట్ పక్కన పడేసి, వేరే ల్యాబ్‌తో మళ్లీ టెస్ట్ చేయిస్తున్నా. ఖర్చు రెండింతలు.

సర్టిఫికెట్ ఉంటే సరిపోదు, అందులో మీకు కావలసిన టెస్ట్ ఉందో లేదో స్కోప్ లిస్ట్‌లో (ఏయే టెస్టులకు గుర్తింపు ఉందో చెప్పే జాబితాలో) చూసుకోండి. శాంపిల్ తీసేటప్పుడు పక్కనే నిలబడండి, ఐస్ బాక్స్ లేకుండా వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపండి.

అడ్వాన్సు వాపసు అడిగితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాలెన్స్ ఎప్పుడు వేస్తారని మాత్రం ఇందాకే మెసేజ్ పెట్టాడు, కింద గులాబీ పువ్వు బొమ్మతో.